తిరగేసిన అక్షరాలు

ఉలాన్‌బాతర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా
నా కొట్టు. కొట్టు అంటే గొప్పగా ఉంటుంది గానీ,
మెట్ల కింద ఒక బల్ల, ఒక దీపం, ఒక కుంపటి, నేను.
కంపెనీలకి రబ్బరు ముద్రలు చెక్కుతాను.
పేరు దాష్‌న్యామ్. నా పేరుతో ముద్ర ఏదీ లేదు.

ఆ డిసెంబరు ఉదయం మైనస్ ముప్పై రెండు.
బొగ్గుపొగ తడిసిన కంబళిలా ఊరి మీద పడుకుంది.
లేజర్ మిషను చలికి మొరాయించింది.
సిరా సీసాని చంకలో పెట్టుకుని కరిగిస్తుంటే
కనురెప్పల మీద మంచుతో వచ్చింది
బుర్సా నుంచి నుర్హాన్ అనే ఆవిడ.
వెనకాలే దుబాసీ కుర్రాడు గాన్‌సుఖ్,
పుట్టిన బిడ్డని ఎత్తుకున్నట్టు ఒక కాగితాల కట్టని ఎత్తుకుని.

ఒంటె ఉన్ని కడిగే ఫ్యాక్టరీ పెడుతుందట.
ఇక్కడి ఉన్నిని మురికితోనే ఎత్తుకుపోతారు కదా,
కడిగిన డబ్బూ దువ్విన డబ్బూ నేసిన డబ్బూ
సరిహద్దు అవతలే మిగిలిపోతుంది కదా అంది.
నిజమే.
మా మేనత్త చేతులకి చచ్చేదాకా ఆ వాసన పోలేదు,
చేతుల్లో డబ్బు మాత్రం నిలవలేదు.

పేరు దగ్గరే మొదలైంది కష్టం.
మొదటి పేరు ఎవరో పెట్టేసుకున్నారు.
రెండోది పలికితే ఇంకొకరిదిలా ఉంది, కుదరదు.
మూడోది మా భాషలో బూతు.
గాన్‌సుఖ్ చెవులు ఎర్రబడ్డాయి.
"ఇది కూడా ఖాళీ లేదండీ" అన్నాడు ఆవిడతో.

తర్వాత డబ్బు.
పరదేశి కాబట్టి పెట్టుబడి ముందు బ్యాంకులో చూపాలి.
ముద్ర లేనిదే ఖాతా తెరవమంది బ్యాంకు.
సర్టిఫికెట్ లేనిదే నేను ముద్ర చెక్కకూడదు.
డబ్బు చూపనిదే సర్టిఫికెట్ రాదు.
పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు,
పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు.
పదకొండు రోజులు మూడు గుమ్మాల మధ్య
గానుగెద్దులా తిరిగింది మహాతల్లి.
తిరిగిన ప్రతిసారీ నా దగ్గర ఆగి ఉప్పు టీ తాగేది.
మొదటి రోజు మొహం చిట్లించింది.
ఐదో రోజు ఇంకో కప్పు అడిగింది.

అప్పుడే ఒక సాయంత్రం, గోబీ నుంచి పనిమీద వచ్చిన
ముసలి త్సెవెగ్‌మిద్ నా కుంపటి దగ్గర చేతులు కాచుకుంటూ
"లాభం వస్తే ఎటు పోతుంది?" అని అడిగాడు ఆవిణ్ణి.
గాన్‌సుఖ్ తర్జుమా చేశాడు.
ఆవిడ చాలాసేపు ఆలోచించింది.
"సగం నీళ్లకి. సగం బొగ్గుకి.
ఏమన్నా మిగిలితే బుర్సాలో అప్పుకి."
ముసలాయన పళ్లు లేని నోటితో నవ్వాడు.
"అయితే నువ్వూ మాలాంటిదానివే.
త్సగాన్ బోత్గో అని పెట్టుకో. తెల్ల ఒంటెపిల్ల.
ఈ పేరు ఎవరూ పెట్టుకుని ఉండరు,
బతుకుతుందో లేదో తెలియనిదానికి
అంత ముద్దుపేరు పెట్టే ధైర్యం ఎవరికుంది?"

పన్నెండో రోజు బ్యాంకులో ఒక కొత్త గుమాస్తా పిల్లకి
'తాత్కాలిక ఖాతా' అనే మాట గుర్తొచ్చింది.
అంతే.
ఒక్క మాట కింద పదకొండు రోజులు నలిగాయి.

ముద్ర చెక్కడమంటే అన్నీ తిరగేసి రాయడం.
కుడి ఎడమైతేనే కాగితం మీద సూటిగా పడుతుంది.
ముప్పై ఏళ్లుగా అద్దంలోపలి నుంచి చదువుతున్నాను ఈ దేశాన్ని.
ఆ రాత్రి వేళ్లు కొంకర్లు పోయి
మొదటి అక్షరానికి ఉండాల్సిన బుల్లి తోక
కత్తి మొనకి తగిలి లేచిపోయింది.
చూశాను.
మళ్లీ చెక్కాలంటే తెల్లారుతుంది,
ఆవిడ పొద్దున్నే రావాలి, బ్యాంకు పన్నెండుకి మూస్తారు.
చెప్పలేదు.

పాత పేపరు మీద మొదటి అచ్చు వేసి చూసుకుంది.
చదవడం రాని అక్షరాల్ని వేలితో తడిమింది,
తడి సిరా చూపుడువేలికి అంటింది.
తుడుచుకోలేదు.

మొన్న మే నెలలో రోడ్డు దాటుతుంటే
లారీ నిండా గోనెసంచులు, గాలికి దుమ్ము కొట్టుకుంటూ,
ప్రతి సంచి మీదా గుండ్రంగా నీలం ముద్ర,
ప్రతి ముద్రలోనూ తోక లేని ఒంటెపిల్ల.
పన్నుల ఆఫీసు ఒప్పుకుంది. కస్టమ్స్ ఒప్పుకుంది.
ఎవరూ అడగలేదు.

వాటాదారుల జాబితాలో నా పేరుండదు.
ఆ కంపెనీలో నా వాటా ఆ తోకంత.
లారీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను,
కొట్టు తాళం వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది.