ఈసారైనా

విస్బీ కోటగోడను ఆనుకునే ఉంటుంది మా వంటిల్లు.
గిన్నెలు కడిగే మిషన్ ఆగిన వెంటనే
రాతిలోంచి గుర్రాలు సకిలిస్తాయంటాడు ఈవర్,
ఎనిమిదేళ్లవాడు, పైపెదవి మీద పాలమీసం.

"అమ్మా, బయట రైతులు గేటు బాదుతున్నారు.
ఒకడికి చెప్పుల్లేవు.
ఇంకొకడి ఇనప చొక్కా వాళ్ల తాతదట, మరీ వదులు."
టోర్కెల్ పేపర్లోంచి తలెత్తడు.
వీడికి ఫోన్ ఇవ్వడం తగ్గించాలి, అంటాడు.

నేనేమీ అనను.
నిన్న దుప్పట్లు ఆరేస్తుంటే నాకూ కనిపించింది:
గోడ మీద వరసగా జనం, ఖరీదైన ఉన్ని కోట్లు,
వానను చూసినట్టు కిందికి చూస్తున్నారు.
ఒకామె నడుముకి తాళంచెవుల గుత్తి.
నావైపు తిరిగింది.
ఆ ముక్కు మా అమ్మది.

రాత్రి పదకొండున్నర. జూలై కదా, ఇంకా వెలుతురు చావలేదు.
తూవా రాలేదు.
పది దాటితే గడియ వేస్తానన్నాను. వేశాను.
పదహారేళ్లొచ్చాక మాటంటే ఏమిటో తెలియొద్దూ?

తలుపు చప్పుడు.
ముందు వేళ్లతో. తర్వాత అరచేత్తో.
తర్వాత చాలా అరచేతులతో.
మెట్ల మీద ఈవర్, నిద్రబట్టల్లో:
"అమ్మా, ఈసారైనా."

నా నడుము బరువెక్కింది. తడిమితే చల్లటి ఇనుము.
ఏ చెవి ఏ తాళానిదో
నా చేతికి ముందే తెలుసు. అందుకే భయమేసింది.

తెరిచాను.
తూవా ఒక్కతే. కాటుక చెంపల దాకా, బూట్లు చేతిలో.
వెనక వీధంతా ఖాళీ.
రాళ్ల మీద తడి అడుగులు మాత్రం
ఒక్కొక్కటే
మా గడప దాటి లోపలికొచ్చాయి.

పాలు పొయ్యి మీద పెట్టాను.
ఎన్ని గ్లాసులు, అన్నాడు ఈవర్.
ఉన్నవన్నీ తియ్యి.