గట్టు మీద గేర్లు

కొచ్చికి బదిలీ అయిపోతూ నేవీ ఆయన
సగం ధరకి వదిలేసిన బండి.
ఇరవై ఒక్క గేర్లు, ముందు స్ప్రింగులు,
మొసలి వీపులాంటి టైర్లు.
సింహాచలం కొండెక్కుతానని కొన్నాను.

రెండేళ్లయింది.
అగనంపూడి దాటాక ఏలేరు కాలవ గట్టు మీదే
తొక్కుతున్నాను,
అప్పడాల కర్రతో ఒత్తినట్టున్న దారి.
ఒక్క గేరుకే గ్రీజు మరక,
మిగతా ఇరవైకీ షాపు మెరుపు పోలేదు.

సెలవు దొరికితే ముడసర్లోవ పార్కు.
పిల్లలు స్ప్రింగు నొక్కి చూస్తారు:
"అంకుల్, ఇది ఎగురుతుందా?"
ఎగురుతుంది. చెట్టు వేరు అడ్డొస్తే, బెత్తెడు.

నిన్న గేదెల్ని నీళ్లలోకి తోలుతూ
అప్పలకొండ అడిగింది,
"ఇంతింత చక్రాలేటికి బాబూ, కొండెక్కనాకా?"
కొండని పేరులో పెట్టుకుని
గట్టు దిగని మనిషికి
ఏం చెప్పను?

బ్లాస్ట్ ఫర్నేసు మెట్లు
షిఫ్టుకి మూడుసార్లు, మోకాలు లెక్కపెడుతుంది.
ఎక్కడం నాకు జీతానికి చేసే పని.

ఇక్కడ పెడల్ ఆపినా
నీళ్లు పక్కన నడుస్తూనే ఉంటాయి.
అవీ ప్లాంటుకే.
సైరన్ కూసేలోపు చేరాలని
వాటికెవరూ చెప్పినట్టు లేరు.
ఓ తుంగ పరకని తోసుకుంటూ,
మళ్లీ వదిలేస్తూ,
నా ముందు చక్రం కంటే కొంచెం వెనకగా
వస్తున్నాయి.