నాలుగో బజ్జీ

ముప్పై అయిదు టన్నుల పెట్టె
గాలికి ఏ వైపు ఊగుతుందో
నా వేలి కొసలకి తెలుసు.
నలభై మీటర్ల ఎత్తున, కాళ్ళ కింద అద్దం,
అద్దం కింద ఓడ,
ఓడ కింద డీజిలు రంగు నీళ్ళు.
ఇరవై రెండేళ్ళుగా మెడ వంచి
కిందికే చూస్తున్నాను,
మధ్యలో అడ్డొచ్చే నా పొట్టని తప్ప.

బరువు మించితే క్రేను కూస్తుంది,
ఎర్ర దీపం వెలుగుతుంది, తాడు కదలదు.
నాకు అలాంటిదేదీ బిగించలేదు.
పదకొండు నిమిషాల్లో అన్నం, పప్పు, వేపుడు,
మిగిలిపోతుందని ఇంకో గరిటె.
చెయ్యి కడిగేసరికి
ఏం కూరో గుర్తుండేది కాదు.

పోర్టు ఆసుపత్రిలో డాక్టరు
చీటీ మీద ఒక అంకె వేసి
దాని చుట్టూ సున్నా చుట్టాడు.
"ఏటి డాక్టరు గారూ, ఓవర్‌లోడా?" అన్నాను.
నవ్వలేదాయన.

అలా వచ్చి పడ్డాను
శ్రీహరిపురంలో నూకరత్నం గారి మేడ మీదికి.
తెల్లవారి అయిదింటికి పది చాపలు.
అదే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి,
కీళ్ళూ నరాలూ
జనాన్ని ఎత్తీ దించీ నేర్చుకుంది.
కుచ్చెళ్ళు దోపి నిలబడితే
యారాడ కొండ మీది దీపం
ఆమె భుజం పక్కన తిరుగుతుండేది.

మొదటి రోజే అడిగింది:
"మీ కుడి మడమ ఎక్కడుంది?"
తొంగి చూడబోయాను.
"చూడకుండా చెప్పండి."
అద్దెకున్నవాడి పేరు తెలియని
ఇంటి ఓనరులా నిలబడ్డాను.

వంగితే చేతులు మోకాళ్ళ దగ్గరే ఆగేవి.
పక్క చాప మీద కొల్లి అప్పన్న, నాకంటే పెద్దవాడు,
గొడుగులా మడతపడేవాడు.
శవాసనంలో గురకపెట్టాను. ఎవరూ లేపలేదు.
లేచి చూస్తే చాప మీద
పోర్టు దుమ్ములో తడిసిన నా అచ్చు,
నడుం దగ్గర మాత్రం ఖాళీ.
అక్కడ నాకు నేల తగలదని
అప్పుడే తెలిసింది.

తిండి మానమని ఆమె ఎప్పుడూ అనలేదు.
గ్లాసుడు చోడి అంబలి, ఉల్లిపాయ ముక్క చేతికిచ్చి
"ఎక్కడిదాకా దిగిందో చెప్పండి" అంది.
గొంతు. గుండె ఎముక వెనక చల్లటి గీత.
ఆ తర్వాత తప్పిపోయింది.
"రేపు ఇంకొంచెం కిందిదాకా వెతకండి."

ఇంకోసారి: "పెట్టెని చివరి అడుగు ఎలా దించుతారు?"
"మెల్లగా. లారీకి తెలియకుండా."
"ముద్దా అంతే" అని
చాపలు చుట్టుకోడానికి పోయింది.

మా వరహాలుకి కోపం వచ్చింది.
కొసరి వడ్డించడమే మా కాపురంలో ముద్దు మాట.
వద్దన్న రోజు
కవ్వళ్ళ పులుసు గిన్నె మీద మూత గట్టిగా మోగింది.
వారం తర్వాత నేనే అడిగాను,
"ఇందులో మెంతులేశావా?"
"పెళ్ళయినకాణ్నుంచీ ఏస్తన్నాను" అంది.
గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది.

నిన్న రాత్రి రెండింటికి, ఓడ ఆలస్యం.
క్యాంటీను నుంచి కాగితంలో మిరపకాయ బజ్జీలు.
కళ్ళు మూసి కడుపుని అడిగాను.
జవాబు అక్కణ్ణించి రాలేదు,
కనురెప్పల నుంచి వచ్చింది: నిద్ర.
అయినా తిన్నాను.
ఒకటి. వాము, నూనె, నాలిక చివర మంట.
రెండు.
మూడోదాన్ని అలవాటు తినేసింది.
నాలుగోది కొరికి ఆగాను.
కూత లేదు, ఎర్ర దీపం లేదు,
పక్కటెముకల కింద
ఎవరో తలుపు మీద వేలు ఆన్చినట్టు, అంతే.

సగం బజ్జీ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.
చొక్కాకి నూనె మరక పడింది.
ఉతుకుతూ వరహాలు అడుగుతుంది,
ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

కింద ఓడ కూసింది.
మడమలు ఆన్చాను, కుడిది, ఎడమది.
చూడలేదు.
ఉన్నాయి.