కరిగే గొట్టం

ఛత్రపురం దాటాక ఇసకదారి పక్కన మా బట్టీ.
వానాకాలం మూడు నెలలూ
తెల్లారకముందే కోసిన మొగలిపువ్వులు
వెయ్యి లెక్కపెట్టి రాగి బానలో పడేస్తాం.
బానకీ బుడ్డికీ నడుమ వెదురు గొట్టం.
గొట్టం పూడిందంటే ఆవిరి మూతని ఎగరగొడుతుంది.
ఇది నాకు తొమ్మిదో ఏటే తెలుసు.

ఆ మాటే చెప్పాను బరంపురం ఆసుపత్రిలో,
డాక్టరు సుచరితా పాఢి కాగితమ్మీద నా తలకాయ గీసి
ముక్కు వెనకాల, పుర్రె అడుగున
చింతగింజంత కణితిని చూపించినప్పుడు.
"ముక్కులోంచే వెళ్ళి తీస్తాం.
దారి మళ్ళీ కండపట్టి మూసుకోకుండా
చిన్న స్ప్రింగు పెడతాం. మందు దానికే పూసుంటుంది,
రోజుకింత వదుల్తుంది."
తెలుగు సగం, ఒడియా సగం ఆవిడ మాట.
నాకూ రెండూ సగం సగమే.
"మరి దాన్ని తీసేదెవరండీ?"
"ఎవరూ తియ్యరు. నెలకి అదే కరిగిపోతుంది."

పనయ్యాక తనంతట తను పోయే గొట్టం!
మా నాన్న కూడా చూసుండడు.

తవిటమ్మ ఉప్పునీళ్ళు కాచి చల్లార్చి
పూటపూటా ముక్కులో పోసింది.
వంగొద్దు, బరువెత్తొద్దు, చీదొద్దు.
తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి.
కనౌజు సేటు ఫోను చేశాడు: "ముక్కు ఎలా ఉంది?"
మనిషెలా ఉన్నాడని కాదు.
తప్పులేదు. ఇరవయ్యేళ్ళుగా అతను కొన్నది ముక్కునే.

పదకొండో రోజు బట్టీకి పోయి కూచున్నాను.
మేనల్లుడు కామేసు అత్తర్లో దూది ముంచి అందించాడు.
మంచినీళ్ళని వాసన చూసినట్టుంది.
"బావుందా మావా?"
"బావుంది."
అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుడి చేత వెలిపడింది ఈ పువ్వే.
దాని ముందే నేనూ చెప్పాను.

డబ్బా వెనక్కొచ్చింది. అడుగంటిన కమురు వాసనట.
కామేసు ఏమీ అనలేదు.
గొట్టానికి తాడు చుడుతూ
చాలాసేపు తలెత్తలేదు.

నెల దాటాక డాక్టరమ్మ కెమెరా పెట్టి చూసింది.
స్ప్రింగు ఆనవాలైనా లేదంది, దారి శుభ్రంగా తెరిచుందంది.
"వాసన?"
"అది నేను చెప్పలేను. ఒక్కొక్కరికి ఒక్కోలా."

తిరుగు బస్సు గోపాల్‌పూర్ జంక్షన్లో ఆగింది.
జాలరామె ఒకతె ఎండుచేపల గంప ఎక్కించింది.
బస్సంతా ముక్కు మూసుకుంది.
గోడవతల ఎవరో గొణిగినట్టు
సన్నగా, ఏదో.
"ఆ గంప కాస్త ఇటు జరపమ్మా."
ఎగాదిగా చూసింది. "కొంటావా ఏటి?"

శ్రావణమాసం. తవిటమ్మ ఇంట్లోకి నీసు రానివ్వదు.
అరకేజీ తూయించాను.