తేట

శాంతిపురం దాటినాక తారు వదిలి
మట్టిదోవ పట్టుకుంటే రెండు మైళ్ళకు
మూతబడిన గ్రానైటు క్వారీ.
లారీలు పోయినాయి, కాంట్రాక్టరు పోయినాడు,
క్రేను ఒకటి మాత్రం తుప్పు పట్టి
మెడ వంచుకోని నిలబడే ఉంది.
గుంతలోకి నీళ్ళొచ్చినాయి.

ఎట్లాంటి నీళ్ళనుకున్నావు!
బురద లేదు, నాచు లేదు, గొడ్డు దిగే దోవ లేదు.
ఇరవై అడుగుల కింద
ఎవరో జారవిడిచిన టిఫిను క్యారియరు
మూత తెరిచి ఉందో మూసి ఉందో
పైనుంచే చెప్పొచ్చు.
(తెరిచే ఉంది.)

ఆ నీళ్ళలో కొర్రమీనును గాలానికి పట్టాలని
పదకొండు ఆదివారాలు పొయ్యొచ్చినా,
ఒట్టి చేతులతో.
"సంతలో కొనుక్కోని రాకూడదా" అంటాది సెల్వి.
సంతలో దొరికేది చేప.
నాకు కావాల్సింది అది కాదని
ఆమెకు ఎట్ల చెప్పాలో తెలీదు.

బురదలో కొర్రమీను మొద్దు.
కప్పపిల్ల కనబడితే గుటుక్కున మింగుతాది.
ఈడ అట్ల కాదు.
గాలి కోసం పైకొచ్చి, ఒక్క బుడగ వదిలి,
దిగిపోతా దిగిపోతా నన్ను చూస్తాది.
నేనూ దాన్ని చూస్తా.
మధ్యలో అడ్డం ఏమీ లేదు.
అదే చిక్కు.

తెల్ల చొక్కా మానేసినా, బండ రంగుది వేసినా.
చెప్పులు మట్టిదోవలోనే విడిచినా.
దారం సన్నం చేసినా, ఇంకా సన్నం చేసినా,
ఆఖరికి ముడి వేసేదానికి
నా కంటికే కానరానంత సన్నం.
నీడ నీళ్ళ మీద పడకూడదని
తెల్లారక ముందే పొయ్యి రాతి చాటున కూర్చున్నా.
బీడీ మానేసినా.
ఆ ఒక్కదానికి సెల్వి
చూడని చేపకు దణ్ణం పెట్టింది.

అయినా అంతే.
జానెడు దూరం దాకా వచ్చి, నిలిచి,
మిడతను చూసి, దారాన్ని చూసి,
దారం వెంబడే పైకి నన్ను చూసి,
తోక తిప్పుకోని పోతాది.
కోపం లేదు, తొందర లేదు,
అప్పడగ వచ్చినోడి మొగం చూసిన
షావుకారి మాదిరి.

పన్నెండో ఆదివారం
మేకలు తోలుకోని గట్టు మీదికొచ్చింది పొన్నెమ్మ.
పాలారు మడుగుల్లో చిన్నప్పుడు
చేతులతోనే చేపలు పట్టిన మనిషి.
చానాసేపు నిలబడి చూసింది.
"చేప తట్టు కాదు, నీ చెయ్యి చూసుకో" అనింది.

చూసుకున్నా.
పంతొమ్మిదేండ్లు ఈ గుంతలోనే
డ్రిల్లింగు మిషను పట్టిన చెయ్యి.
మిషను ఆగి ఆరేండ్లయింది,
చెయ్యి ఇంకా ఆగలేదు.
టీ గ్లాసులో అలలు లేస్తాయి.
సంతకం పెడితే బ్యాంకులో
ఇంకోతూరి పెట్టమంటారు.
ఆ వణుకే కర్రలోకి, కర్రలోంచి దారంలోకి,
దారంలోంచి చచ్చిన మిడతలోకి
దిగుతా ఉంది ఇన్నాళ్ళూ.

"ఆపలేను పొన్నెమ్మా."
"ఎవురు ఆపమన్నారు?
చచ్చింది వొణికితే దయ్యమనుకుంటాది.
బతికిన మిడతను కట్టు.
ముంచొద్దు. పైన ఆనించు."

ఆనించినా, మిడత కాళ్ళు తడిసేంత.
చెయ్యి దాని పని అది చేసుకుంది.
నీళ్ళ మీద సన్నటి సున్నాలు,
ఒకదాని వెనక ఒకటి.
అడుగున టిఫిను క్యారియరు పక్కనుంచి
నల్లంగా, నిట్టనిలువుగా లేచింది.
తలుపు గడియ పడిన చప్పుడు.

రెండుంపావు కిలో.
బండ మీద అది కొట్టుకుంటా ఉంటే
నా చూపు నీళ్ళలోకి పోయింది.
గోడ పొడుగునా నిలువు గీతలు,
జానెడు జానెడు ఎడంతో, నేను వేసినవే.
ఆ గీతల ముందర
నాలుగో అయిదో కొర్రమీన్లు
రెక్క కదపకుండా నిలబడి
చూస్తా ఉండాయి.

"ఇంగ మూడు నెలలు ఈ తట్టు రావద్దు"
మేకల వెనక పోతా పోతా అనింది పొన్నెమ్మ.
"అన్నీ చూసినాయి."

పులుసులో చింతపండు ఎక్కువైంది.
సెల్వి ఒప్పుకోలేదు.

తరువాతి ఆదివారం మళ్ళా పోయినా.
గాలం తీసుకోలేదు.
తెల్ల చొక్కానే వేసుకోని,
అంచున,
బాగా కనబడేటట్టు కూర్చున్నా.