కొసరు లెక్క

బమాకోలో, మెదీనా కూరా సంతలో,
మధ్యాహ్నం రెండింటికి నీడ కూడా కాలుతుంది.
చిరిగిన గొడుగు కింద ల్యాప్‌టాప్ తెరిచి
పాటలు అమ్ముతాడు ఫుసేని,
గోటి మీద పట్టేంత కార్డుల్లో.
నా ఫోను అద్దం మారుస్తున్నాడు కాబట్టి నేనక్కడున్నాను.
లేకపోతే ఈ తగువు నా చెవిన పడేది కాదు.

ఎదురు వరసలో బియ్యం అమ్మే తెనిన్ సమాకే వచ్చింది,
నీలం తలగుడ్డ, మోచేతుల దాకా తవుడు.
నిన్న కొన్న కార్డు బల్ల మీద పెట్టింది,
పులుసులో దొరికిన ఈగను చూపించినట్టు.

"డబ్బా మీద ముప్పై రెండు గిగాలు.
లోపల ఇరవై తొమ్మిదీ చిల్లర.
మిగతాది ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదమ్మా, అన్నాడు ఫుసేని.
రోజుకు నలుగురికి చెప్పే మాటే అయి ఉంటుంది,
గొంతులో నిద్ర ఉంది.
డబ్బా మీద అచ్చు వేసినవాడు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు.
యంత్రం వెయ్యిన్నీ ఇరవై నాలుగు చొప్పున.

ఆ ఇరవై నాలుగూ ఎందుకు?

దానికి రెట్టింపు చెయ్యడం ఒక్కటే వచ్చు.
ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది.
అలా పది మెట్లెక్కితే
వెయ్యిని రాసుకుంటూ పోతుందే గాని
వెయ్యి మీద ఆగదు.

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ,
రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం.
ఎవరో బియ్యం కొలిచే మనిషే
ఈ యంత్రానికి ఎక్కాలు నేర్పి ఉండాలనుకున్నాను.
పైకి అనలేదు.

తెనిన్‌కి మెట్లు పట్టలేదు.
లేచి వెళ్ళి బియ్యమూ గిన్నే తెచ్చింది.
నింపి, పుల్లతో అంచు వెంట గీసింది.
"ఇది డబ్బా వాడి గిన్నె."
మళ్ళీ నింపి, ఇక నిలవక జారేదాకా పోసింది.
"ఇది నీ యంత్రం గిన్నె.
బియ్యం అవే. గిన్నె పెద్దదైతే లెక్క చిన్నది.
అంతేనా?"

ఫుసేని నోరు తెరిచాడు, మూశాడు.
ఆరేళ్ళుగా చెబుతున్నదాన్ని
ఇప్పుడే చూస్తున్నట్టున్నాడు.

అంతే. కానీ మూడుసార్లు, అన్నాడు.
కిలోకి ఒక పోగు. ఆ పోగు గిన్నెలతో కొలిచి మెగాకి ఇంకో పోగు.
గిగాకి ఆ పైన మరొకటి.
వెయ్యికి ఇరవై నాలుగుతో మొదలైంది
గిగా దగ్గరకొచ్చేసరికి డెబ్బై మూడు.
టెరా అయితే వందకు వెంట్రుకవాసి.

ఆమె వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టింది.
"పెద్దది కొనేకొద్దీ పెద్దగా తరుగుతుందన్నమాట.
నా దగ్గర బస్తా కొన్నవాడికి నేను ఎక్కువ పోస్తాను."

అక్కడ కొసరును కదో అంటారు.
గిన్నె కొలిచాక, డబ్బు చేతులు మారాక,
అడగకుండా పడే పిడికెడు.
అది లేనిదే అక్కడ బేరం తెగదు.
అసలు కంటే కొసరు ముద్దని
వాళ్ళకి ఎవరూ చెప్పనక్కరలేదు.

కార్డులోకి ఎక్కవలసినవి ముప్పై ఒకటి, యంత్రం లెక్కలోనే.
బారసాలల్లో వాళ్ళ పిన్ని పాడిన వంశాల పేర్లు,
పదకొండేళ్ళవి, ఐదు ఫోన్లలోంచి ఏరినవి.
వెనక మేకలు, గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో తిట్టడం.
ఒకటింబావు దాకా బయట ఉండిపోతుంది.
"ఏ పేరు తీసేయమంటావు?
ఏ ముత్తాతని?"

ఫుసేని సొరుగు లాగాడు.
వైర్లు, ఊడిన మీటలు,
అగ్గిపెట్టెలో ఒక పాత కార్డు, రెండు గిగాలది.
చొక్కాకి తుడిచి, పెట్టి చూశాడు.
ఒకటీ పాయింటు ఎనభై ఆరు.

"ఇదీ తక్కువే," అందామె. అప్పుడు నవ్వింది.

ఇది కొసరమ్మా, అన్నాడు. దీన్ని కొలవకు.

నా అద్దం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది.
మీటల సందుల్లో పడ్డ బియ్యాన్ని
సూదితో ఒక్కొక్కటే తీస్తున్నాడు ఫుసేని.
ఎనిమిది అంకె మీట మాత్రం
ఇంకా దిగడం లేదు.