తిరిగింది

పత్తి చేలల్లో పంతొమ్మిదేళ్ళు
దీన్ని పీకడమే నా కూలి.

చుకురోవా ఎండ వీపు మీంచి చెయ్యి తియ్యదు.
చాళ్ళ మధ్య చెమ్మ ఎక్కడుందో
మాకంటే ముందే తెలిసినట్టు
నేలను కరుచుకుని పాకేది పాయలాకు.
మా వైపు పిర్పిరిమ్ అంటాం.
ఎర్ర కాడ, చిట్టి చెంచాలాంటి మందపాటి ఆకు,
కొరికితే పళ్ళ కింద చల్లగా చిట్లే తడి.

మేస్త్రీ రోజూ ఒకటే మాట:
"పీకి అక్కడే పడెయ్యకు దోందూ,
అది చచ్చినట్టు నటిస్తుంది."
నిజమే.
వేళ్ళు ఆకాశానికి పెట్టి వెల్లకిలా పడుకున్నదే
మూడోనాటికి పూసేది.
ఆవగింజలో సగం కూడా లేని నల్లటి గింజలు
మా చెప్పుల పగుళ్ళలో ఎక్కి
మాతోపాటే పక్క చేనుకి కూలికొచ్చేవి.

రాత్రి కాలవ గట్టున, డేరాల దగ్గర,
పీకినదాంట్లో లేతది ఏరి
శనగలు వేసి, దానిమ్మ పులుసు పోసి వండేవాళ్ళం.
పొద్దంతా పగ, రాత్రికి పొత్తు.

ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవు.
అదానాలో ఓ ప్రయోగశాల ఊడుస్తున్నాను.
మొదటిరోజు తలుపు తీస్తే
గులాబి వెలుతురు, చలువ గాలి,
గాజుపెట్టెల్లో వరసగా
నా కలుపు!
మొక్కకో నంబరు,
వేరు వేరుకీ కొలిచి పోసిన నీళ్ళు.
మా డేరాలకొచ్చే ట్యాంకరుకి కూడా ఇంత లెక్క లేదు.
చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.
చీపురుతో ఆపుకున్నాను.

నుర్షీన్ మేడం చూసి నవ్వింది.
"రోదసికి పంపుదామని, అక్కా.
ఉప్పునీళ్ళు తాగి బతుకుతుంది,
చేపనూనెలో ఉండే సత్తువ ఆకులోనే ఉంది,
పొయ్యి వెలిగించక్కర్లేదు, పచ్చిదే తినొచ్చు."
పంపడం తేలికే మేడం, అన్నాను,
వదిలించుకోవడమే చూసుకోండి.

మూలన ఒక యంత్రం ఉంది.
మొక్కని అడ్డంగా పడుకోబెట్టి
పగలూ రాత్రీ తిప్పుతూనే ఉంటుంది.
కింద ఏదో పైన ఏదో
వేరు మర్చిపోయేదాకా తిప్పాలట.
నా పేరుకి అర్థం 'తిరిగింది' అని.
నలుగురు ఆడపిల్లల తర్వాత నేను పుడితే
ఇకనైనా గాలి తిరగాలని మా నాన్న పెట్టాడు.
గాలి సంగతి తెలీదు,
నేను తిరిగాను:
పత్తికి ఇక్కడికి, ఉల్లికి పొలాత్లీ,
హేజెల్ నట్లకి ఓర్దూ కొండలు,
లారీ వెనక, మూటల మీద,
ఏ చుక్క కింద నిద్రపోయానో తెల్లారితే గుర్తుండదు.
అందుకేనేమో
ఆ మూల కాస్త ఎక్కువసేపు ఊడుస్తాను.

ఒకరోజు జంకుతూనే అడిగాను.
పిర్పిరిమ్ తెల్లారగట్ల కోస్తే పులుపు,
పొద్దువాలాక కోస్తే ఆ పులుపంతా పోతుంది.
పెరుగులోకైతే సాయంత్రం వెళ్ళమనేది మా అమ్మ,
పులుసులోకైతే వేకువనే లేపేది.
అక్కడ పైన
రోజుకి పదహారుసార్లు తెల్లారుతుందట కదా,
మరి ఏ పొద్దున కొయ్యాలి?

ఆవిడ నవ్వలేదు.
రాత్రిపూట అది ఊపిరి దాచుకుంటుందని,
ఆ దాచుకున్నదే పులుపని,
పగలంతా ఖర్చుపెట్టుకుంటుందని ఏదో చెప్పబోయి
ఆగి, నోటుపుస్తకం తీసి
నా ప్రశ్న రాసుకుంది.
కింద నా పేరు,
మా భాషలో దానికుండే నాలుగు చుక్కలూ పెట్టి.
కూలి పట్టీలో ఎవరూ పెట్టలేదు ఆ చుక్కలు.

నిన్న, పెట్టె కాళ్ళ దగ్గర, నాపరాళ్ళ సందులో
నంబరు లేని మొక్క ఒకటి.
నా చెప్పుల్లోంచే రాలిందో ఏమో.
పంతొమ్మిదేళ్ళు వేళ్ళలో కదిలాయి.
వంగాను.
కొస మాత్రం గిల్లి నోట్లో వేసుకున్నాను.

పులుపు.

బయట మధ్యాహ్నం మూడయింది, ఎండ మండిపోతోంది.
ఇక్కడ, దీపాల లెక్కలో,
అప్పుడే తెల్లారినట్టుంది.